తేనెపెట్టె కొలత లోపలి నుంచి మొదలవ్వాలి

నేను చేసిన మొదటి తేనెపెట్టె చూడటానికి చాలా బాగుండేది. మూలలు అతికినట్టు కుదిరాయి. చిత్రిక పట్టిన పలకలు నున్నగా ఉన్నాయి. బయట రెండు పూతలు రంగు కూడా వేశాను. తేనెటీగల్ని పెట్టిన రెండు నెలలకి పై పెట్టె ఎత్తబోతే కదల్లేదు. బలంగా లేపేసరికి కింది పెట్టెలోని ఫ్రేములు, అంటే ఈగలు తేనెపట్టు కట్టుకునే చెక్క చట్రాలు, దానికి అంటుకుని పైకి వచ్చాయి. రెండు పెట్టెల మధ్య ఈగలు అడ్డదిడ్డంగా కట్టుకున్న పట్టు చిరిగి తేనె, పిల్లపురుగులు, మైనం అన్నీ కలిసి కారిపోయాయి. ఆ తేనెలో మునిగి చాలా ఈగలు చచ్చిపోయాయి. ఆ సాయంత్రం స్కేలు పెట్టి చూస్తే పై ఫ్రేముల అడుగుకీ కింది ఫ్రేముల నెత్తికీ మధ్య 16 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. ఉండాల్సింది 9.

తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే అర్థమైంది. కొనుక్కొచ్చిన పలక వెడల్పు 248 మి.మీ. ఉంటే, మళ్ళీ కోయడం ఎందుకులే అని అదే పెట్టె ఎత్తుగా ఉంచేశాను. పెట్టెని పెట్టెలాగే చూశాను గానీ దాని లోపల ఉండే ఖాళీని చూడలేదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా చాలా పెట్టెలు చేశాను, అన్నీ లోపలి నుంచి బయటికి కొలుచుకుంటూ చేసినవే. మీకు చెప్పాలనుకున్నది కూడా ఆ పద్ధతే.

ముందు ఆ ఖాళీ సంగతి. ఈగలు తాము తిరగడానికి సుమారు 6 నుంచి 9 మి.మీ. దారిని ఖాళీగా వదిలేస్తాయి. అంతకంటే ఇరుకుగా ఉన్న సందుని ప్రొపోలిస్‌తో, అంటే చెట్ల బంక నుంచి అవి తయారుచేసే జిగురుతో పూడ్చేస్తాయి. అంతకంటే వెడల్పుగా ఉంటే అక్కడ పట్టు కట్టేస్తాయి. అమెరికాలో లోరెంజో లాంగ్‌స్ట్రోత్ అనే మతబోధకుడు 1851లో ఈ ఖాళీ విలువని గుర్తించి, పెట్టె గోడకీ ఫ్రేముకీ మధ్య, ఫ్రేముకీ మూతకీ మధ్య అదే దూరం ఉండేలా పెట్టె తయారుచేశారు. 1852 అక్టోబరు 5న దానికి పేటెంట్ వచ్చింది. ఫ్రేముని ఊడదీసి చూసి మళ్ళీ అదే చోట పెట్టగలుగుతున్నామంటే ఆ కొన్ని మిల్లీమీటర్ల పుణ్యమే. పెట్టె అందంగా లేకపోయినా ఈగలకి పట్టదు. ఖాళీ తప్పితే మాత్రం అస్సలు ఊరుకోవు.

అందుకని రంపం పట్టుకునే ముందు రెండు పనులు చేయండి. మొదటిది, ఫ్రేములు ముందే తెచ్చుకోండి. ఫ్రేములు ఇంట్లో చేయొచ్చు గానీ ఒక్కో ఫ్రేములో సన్నటి గాడులు, గంట్లు చాలా ఉంటాయి. మొదటిసారి పెట్టె చేసేవాళ్ళు ఆ పని నెత్తిన వేసుకోవద్దని నా సలహా. కొన్న ఫ్రేము చేతిలో ఉంటే పెట్టెని దాని చుట్టూ కట్టొచ్చు. రెండోది, గట్టి చెక్కతో జానెడు పొడవు పుల్ల ఒకటి చేసుకోండి. ఒక చివర మందం సరిగ్గా 6 మి.మీ., రెండో చివర 10 మి.మీ. ఉండాలి. పెట్టె లోపల ఈగల దారిగా వదిలే ఏ సందులోనైనా సన్న చివర దూరాలి, లావు చివర దూరకూడదు. నా పుల్ల చొక్కా జేబులో పట్టేంత ఉంటుంది. వర్క్‌షాప్‌లో టేపు కంటే దాన్నే ఎక్కువ వాడతాను.

ఇక్కడ ఇచ్చే కొలతలన్నీ మెల్లిఫెరా (ఐరోపా తేనెటీగ) జాతి ఈగలు ఉండే పది ఫ్రేముల లాంగ్‌స్ట్రోత్ పెట్టెవి. సెరానా (మన దేశీ తేనెటీగ) జాతి ఈగ ఒళ్ళు చిన్నది, దాని ఫ్రేములూ చిన్నవే. మీరు పెంచేది సెరానా అయితే అంకెలు మారతాయి, పద్ధతి మాత్రం ఇదే. ఆ ఫ్రేముని కొలిచి దాని చుట్టూ పెట్టె కట్టాలి.

ఇక చెక్క. తేలికగా ఉండి, నీళ్ళకీ ఎండకీ తట్టుకుని, మేకు దిగితే పగలని చెక్క కావాలి. పైన్, సీడార్, సైప్రస్ లాంటివి బాగుంటాయి. టేకు ఏళ్ళ తరబడి మన్నుతుంది కానీ బరువు. ఈ పెట్టెని తేనెతో సహా ఎత్తాలి కదా. ప్లైవుడ్ మూతకి పర్వాలేదు. గోడలకి వాడితే కోసిన అంచుల్లోంచి నీళ్ళు పీల్చి పొరలు విడిపోతాయి. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు లాంటి చెక్కపొడి పలకలు అసలు వద్దు. ఆకుపచ్చ ఛాయ కనిపించే, పురుగు పట్టకుండా మందు ఎక్కించిన చెక్క కూడా వద్దు, ఎందుకంటే ఈగ కూడా పురుగే. సరుకులు పేర్చే పాత ప్యాలెట్ల చెక్క వాడాలనుకుంటే దాని మీద ముద్ర చూడండి. హెచ్‌టి అని ఉంటే వేడి చేసి శుద్ధి చేసినది, వాడుకోవచ్చు. ఎంబి అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినది, దాన్ని ముట్టుకోవద్దు. ముద్ర లేకపోయినా, నూనె మరకలు ఉన్నా వదిలేయడమే మంచిది.

చెక్క ఆరిందా లేదా అన్నదాని మీద నేను కొంచెం పట్టుదలగా ఉంటాను. చెక్క ఆరేకొద్దీ పొడవులో దాదాపు తగ్గదు, వెడల్పులో తగ్గుతుంది. పలక వెడల్పే మన పెట్టె ఎత్తు. పచ్చి పలకని సరిగ్గా కొలిచి కోసినా, ఆరాక కొన్ని మిల్లీమీటర్లు కుంచించుకుపోయి ఫ్రేము అడుగు కిందివాటిని తాకుతుంది. కొన్న పలకల్ని వర్క్‌షాప్‌లోనే, మధ్య మధ్య సన్న పుల్లలు పెట్టి గాలి ఆడేలా పేర్చి, రెండు మూడు వారాలు వదిలేయండి. కిల్న్‌లో (వేడి గదిలో) ఆరబెట్టిన పలకైనా సరే, మీ గాలికి అలవాటు పడనివ్వాలి. నేను మొదటి రోజూ చివరి రోజూ ఒకే చోట వెడల్పు కొలిచి పలక మీదే పెన్సిల్‌తో రాస్తాను. రెండు అంకెలూ ఒకటైతేనే కోత మొదలుపెడతాను.

ముడులు చిన్నవై, గట్టిగా పట్టుకుని ఉంటే ఫర్వాలేదు. మూలల దగ్గర, ఫ్రేము ఆనే గాడి దగ్గర మాత్రం రాకుండా చూసుకోండి. అక్కడ ముడి ఊడితే గాడి విరిగిపోతుంది.

పలకలు 19 మి.మీ. మందం అనుకుందాం. ఒక పెద్ద పెట్టెకి నాలుగు ముక్కలు కావాలి.

ముందు, వెనక పలకలు రెండు: 413 మి.మీ. పొడవు, 241 మి.మీ. ఎత్తు.
పక్క పలకలు రెండు: 486 మి.మీ. పొడవు, 241 మి.మీ. ఎత్తు.

నాలుగూ కలిపితే 1,798 మి.మీ. రంపం తినేది, చివర్ల పగుళ్ళు కోసేసేది కలుపుకున్నా 2 మీటర్ల పలక సరిపోతుంది. వెడల్పు మాత్రం 250 అయినా ఉండాలి. అంత వెడల్పు దొరక్కపోతే రెండు పలకల అంచులు చిత్రికతో సాపు చేసి జిగురుతో అతికించుకోవచ్చు.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే బట్టీ పట్టాల్సిన పని లేదు. ఫ్రేము పై బద్దె పొడవు 483. ఫ్రేము ఒళ్ళు, అంటే ఒక పక్క బద్దె బయటి నుంచి రెండో పక్క బద్దె బయటి దాకా 448. పెట్టె లోపలి పొడవు 467 ఉంటే రెండు చివర్లా తొమ్మిదిన్నర చొప్పున దారి మిగులుతుంది. వెడల్పు సంగతి చూస్తే, ఒక్కో ఫ్రేము 35 మి.మీ. చోటు తీసుకుంటుంది, పదికి 350. లోపలి వెడల్పు 375 ఉంటుంది కాబట్టి ఇంకో 25 మిగులుతుంది. ఫ్రేము జరిపి తీయడానికి ఆ చోటు కావాలి. ఎత్తు విషయానికొస్తే, ఫ్రేము ఎత్తు 232, దానికి 9 కలిపితే 241. చాలా ప్లాన్లలో 244 అని కనిపిస్తుంది, అది తప్పని అనను. అయితే ఈగలకి వదిలే ఖాళీ 9 దాటకుండా ఉంటుందని నేను 241కే కోస్తాను.

మీ పలక మందం 19 కాకుండా 22 వచ్చిందనుకోండి. లోపలి 467, 375 అలాగే ఉంచి బయటి కొలత పెంచండి. ముందు, వెనక పలకల పొడవు 375కి రెండు మందాలు కలిపితే వస్తుంది, అంటే 419. పక్క పలకలు మాత్రం ఎప్పుడూ 486 మి.మీ. ఎందుకో కింద గాడి దగ్గర తెలుస్తుంది.

కోతలో ముందు పొడవునా 241కి చీల్చి, ఆ తర్వాత ముక్కలు అడ్డంగా కోయండి. ఒకేలా ఉండాల్సిన రెండు ముక్కల్ని విడివిడిగా కొలిచి కోయొద్దు. రంపం బల్ల మీద ఒక చెక్క ముక్కని స్టాపర్‌గా బిగించి, రెండింటినీ దానికి ఆనించి కోయండి. అర మిల్లీమీటరు తక్కువైనా రెండూ ఒకేలా తక్కువైతే పెట్టె మూలమట్టంగానే వస్తుంది. రెండూ రెండు రకాలుగా ఉంటే ఎంత బిగించినా వంకర పోదు. టేబుల్ సా, అంటే బల్లకి బిగించిన కరెంటు రంపం లేకపోతే చేతి రంపం, మూలమట్టం, మంచి చిత్రిక చాలు. నా మొదటి నాలుగు పెట్టెలు అలాగే చేశాను.

కోసిన ముక్కల్ని ఒకసారి చివర్ల నుంచి చూడండి. వలయాల గీతలు వంపుగా కనిపిస్తాయి. ఆ వంపుకి కేంద్రం ఉన్న వైపు, అంటే చెట్టు గుండె వైపు పెట్టెకి బయట ఉండాలి, బెరడు వైపు లోపల ఉండాలి. ఆరేటప్పుడు పలక బెరడు వైపుకి దొన్నెలా వంగుతుంది. గుండె వైపు బయట పెడితే పై అంచూ కింది అంచూ లోపలికి నొక్కుకుంటాయి, మూలలు గట్టిగా ఉంటాయి. తిరగేసి పెడితే మూలల దగ్గర అంచులు బయటికి తెరుచుకుని సందులు పడతాయి. ఏది బయటో, ఏది పైనో ప్రతి ముక్క మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. గాడులు తీసే కంగారులో ఇవి తారుమారవడం చాలా తేలిక.

ఇక గాడులు. పెట్టె మొత్తంలో నిదానంగా చేయాల్సిన పని ఇదే.

ముందు, వెనక పలకలకి రెండు రకాల మెట్టు గాడులు కావాలి. వడ్రంగులు రిబేటు అంటారు. మొదటిది నిలువు చివర్ల దగ్గర, లోపలి వైపు. వెడల్పు పలక మందమంత, 19 మి.మీ. లోతు తొమ్మిదిన్నర. పక్క పలక చివర ఇందులో కూర్చుంటుంది. రెండు చివర్లా తొమ్మిదిన్నర చొప్పున లోపలికి వెళ్తుంది కాబట్టి 467కి 19 కలిపి పక్క పలక 486 అయింది.

రెండోది పై అంచున, లోపలి వైపు, పలక పొడవునా. ఫ్రేము చెవులు, అంటే పక్క బద్దెలు దాటి బయటికి వచ్చే పై బద్దె చివర్లు, దీని మీద ఆనతాయి. పై నుంచి కిందికి 16 మి.మీ., పలక మందంలోకి తొమ్మిదిన్నర. ఫ్రేము చెవి మందం సుమారు 10 ఉంటుంది కాబట్టి దాని పైన 6 మి.మీ. ఖాళీ మిగులుతుంది. ఫ్రేము కింద 3 మిగులుతుంది. పెట్టె మీద పెట్టె పెట్టినప్పుడు 3, 6 కలిసి 9 అవుతాయి. మీ ఫ్రేము చెవి మందం వేరుగా ఉంటే 16ని నమ్ముకోకుండా, చెవి మందానికి 6 కలిపి గాడి తీయండి. అటు చివర నుంచి ఇటు చివర దాకా రెండు గాడుల మధ్య 486 వస్తుంది, పై బద్దె 483. మూడు మిల్లీమీటర్లు వదులు ఉంటుంది, ఫ్రేము బిగుసుకోదు.

టేబుల్ సా మీద ఈ పై గాడిని రెండు కోతల్లో తీయొచ్చు. మొదట పలకని లోపలి వైపు కిందకి పడుకోబెట్టి, బ్లేడు తొమ్మిదిన్నర ఎత్తులో ఉంచి ఒక కోత. తర్వాత పై అంచు బల్లకి ఆనేలా పలకని నిలబెట్టి, బ్లేడు 16 ఎత్తులో ఉంచి రెండో కోత. రెండో కోతలో పలక బయటి వైపు బ్లేడు పక్కన ఉండే ఆనుడు పట్టీకి, అంటే ఫెన్స్‌కి ఆనాలి, అంటే తెగిపోయే సన్న బద్దె బ్లేడుకి అవతలి పక్క పడాలి. ఆ బద్దె బ్లేడుకీ ఫెన్స్‌కీ మధ్య ఇరుక్కుంటే బాణంలా వెనక్కి దూసుకొస్తుంది. ఒకసారి నా నడుము పక్క నుంచి వెళ్ళి వెనక తలుపుకి గుచ్చుకుంది. దయచేసి బ్లేడుకి ఎదురుగా నిలబడకండి, చేత్తో తోయకుండా తోపుడు పుల్ల వాడండి, మాస్కు పెట్టుకోండి. ముందు పనికిరాని ముక్క మీద రెండు కోతలూ వేసి, ఫ్రేము చెవి పెట్టి చూసి, పుల్ల సన్న చివరతో పైన ఖాళీ సరిచూసుకున్నాకే అసలు పలక ముట్టుకోండి.

చేత్తో అయితే మార్కింగ్ గేజ్‌తో గీతలు గట్టిగా గీసి, చివర్ల గాడుల్ని రంపంతో గీత దాకా కోసి ఉలితో తీసేయండి. పై అంచు గాడికి రిబేటు చిత్రిక ఉంటే పని హాయిగా అవుతుంది.

చాలామంది ఫింగర్ జాయింట్ గురించి అడుగుతారు. అది గట్టిదే, రెండు చేతుల వేళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు ఉంటుంది, జిగురు పట్టే చోటు ఎక్కువ. వేళ్ళన్నీ ఒకేలా కోయడానికి జిగ్ అనే చట్రం చేసుకునే ఓపిక ఉంటే చేయండి. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. అన్నిటికంటే పైన వచ్చే వేలు పక్క పలకది కావాలి. ముందు పలకది అయితే, ఫ్రేము గాడి ఆ వేలిని కూడా కోసుకుంటూ బయటికి వెళ్ళి మూలలో చిన్న చదరపు రంధ్రం పడుతుంది. దోచుకునే ఈగలు, చీమలు దూరడానికి ఆ రంధ్రం చాలు. నేనిప్పుడు చెప్పిన మెట్టు గాడి పద్ధతిలో పక్క పలక చివర ఆ చోటుని దానంతటదే మూసేస్తుంది. ఇంట్లో చేసుకునేవాళ్ళకి నేను దీన్నే చెప్తాను.

బిగించే ముందు జిగురు లేకుండా ఒకసారి నాలుగు పలకలూ కూర్చి, రెండు చివర్లా ఒక్కో ఫ్రేము పెట్టి చూడండి. బాగుంటే విప్పి, వాటర్‌ప్రూఫ్ పీవీఏ జిగురు, డి3 రకమో డి4 రకమో, గాడుల్లో పల్చగా పూయండి. పలక చివర నారలు జిగురుని తాగేస్తాయి కాబట్టి అక్కడ ముందు ఒక పూత పూసి రెండు నిమిషాలు ఆగి మళ్ళీ పూస్తాను. క్లాంపులు వేసి, ఒక మూల నుంచి ఎదుటి మూలకి బయట కొలవండి. 19 మందం పలకలతో అయితే రెండు కర్ణాలూ 652 దగ్గర రావాలి. అంకె కంటే రెండూ సమానంగా ఉండటం ముఖ్యం. తేడా ఉంటే పొడుగ్గా ఉన్న కర్ణం మీద క్లాంపుని ఏటవాలుగా వేసి మెల్లగా లాగండి. జిగురు పట్టేలోపు, అంటే పది నిమిషాల్లో ఇదంతా అయిపోవాలి. అందుకే టేపు, సుత్తి, తడిగుడ్డ ముందే చేతికి అందేలా పెట్టుకోవాలి.

మేకులు 50 మి.మీ. పొడవు, తుప్పు పట్టకుండా జింకు పూత వేసినవి. పలక చివర నారల్లోకి దిగే మేకు తిన్నగా ఉంటే కాలక్రమంలో ఊడుతుంది. అందుకని ఒకటి కొంచెం కుడికి, ఒకటి కొంచెం ఎడమకి వాలుగా కొట్టండి. ప్రతి మూలకీ ముందు పలక వైపు నుంచి ఐదు, పక్క వైపు నుంచి రెండు. పక్క నుంచి కొట్టేవి చివరకి చాలా దగ్గరగా పడతాయి కాబట్టి ముందు సన్న డ్రిల్ బిట్‌తో రంధ్రం వేయకపోతే పలక చీలిపోతుంది. పై మేకు అంచుకి 25 మి.మీ. కింద ఉండాలి.

మర్నాడు క్లాంపులు విప్పాక పెట్టెని చదునైన బల్ల మీద పెట్టి మూలలు ఒక్కొక్కటీ నొక్కి చూడండి. ఊగితే ఏ మూల ఎత్తుగా ఉందో అక్కడ చిత్రికతో ఒక పొర తీయండి. నేను దీనికి మా నాన్న వాడిన చిత్రికే వాడతాను. ఊగే పెట్టె మీద ఇంకో పెట్టె పెడితే మధ్య సందు పడుతుంది, ఈగలకి దాన్ని కాపలా కాయడమే పని అవుతుంది.

పట్టుకోవడానికి పిడి కావాలి. ఫ్యాక్టరీ పెట్టెలకి గోడలోనే గుంట తొలుస్తారు. ఇంట్లో ఆ గుంట తొలవడం కష్టం, పైగా గోడ పల్చబడుతుంది. 38 వెడల్పు, 19 మందం బద్దెని ముందు వెనకల పలక పొడవంతా, పై అంచుకి 60 మి.మీ. కింద జిగురుతో, లోపలికి పొడుచుకురాని స్క్రూలతో బిగించండి. నాలుగు వేళ్ళూ పూర్తిగా పడతాయి. బద్దె పై అంచుని బయటికి వాలేలా చెక్కితే వాన నీరు నిలవదు. పిడి విషయంలో పిసినారితనం వద్దు. ఈ ఎత్తున్న పెట్టె తేనెతో నిండితే 36 నుంచి 40 కిలోలు ఉంటుంది. అందుకే నేను పెద్ద పెట్టెని కింద ఈగల పిల్లలు పెరిగే గదిగానే ఉంచి, పైన తేనె గదులకి 168 మి.మీ. ఎత్తు పెట్టెలు చేస్తాను. వాటి ఫ్రేము ఎత్తు 159, మళ్ళీ 9 తేడా. మిగతా కొలతలన్నీ అవే. నడుము నొప్పి ఉన్నవాళ్ళు మొదటి నుంచీ అన్నీ 168వే చేసుకున్నా తప్పు లేదు.

అడుగు పలక, మూత సులువు. అడుగుకి పెట్టె బయటి కొలతంత చట్రం చేసి, మూడు వైపులా 19 మి.మీ. బద్దెలు బిగించి, ముందు వైపు తెరిచి ఉంచండి. అదే ద్వారం. చలికాలంలోనో, గుంపు చిన్నగా ఉన్నప్పుడో ఆ ద్వారాన్ని కుదించడానికి 9 మి.మీ. ఎత్తు గంటు కోసిన బద్దె ఒకటి చేసుకోండి. అడుగున చెక్కకి బదులు 3 మి.మీ. కన్నాల ఇనుప జాలీ వేస్తే ఈగల్ని పట్టి పీడించే వరోవా అనే చిన్న పురుగులు కిందకి రాలిపోతాయి, ఈగలు దాటలేవు. మూత లోపలి కొలత పెట్టె కంటే అన్ని వైపులా 5 మి.మీ. ఎక్కువ ఉండాలి. అలా ఉంటేనే చెక్క ఉబ్బినా మూత తేలిగ్గా తీయొచ్చు. పైన జింకు రేకో అల్యూమినియం రేకో మడిచి బిగించండి. మూత కింద నడిమధ్యన రంధ్రం ఉన్న పల్చటి ప్లైవుడ్ లోపలి మూత ఒకటి ఉంటే, ఈగలు పై మూతని జిగురుతో అతికించలేవు.

రంగు బయట మాత్రమే వేయాలి. లోపల ఈగలే ప్రొపోలిస్ పూసుకుంటాయి, అంతకంటే మంచి పూత మన దగ్గర లేదు. నీళ్ళలో కలిసే రకం ఎక్స్‌టీరియర్ పెయింటు, లేత రంగు, రెండు పూతలు. మూలల్లో కనిపించే పలక చివర్లకి మూడు. పెట్టె మీద పెట్టె ఆనే అంచులకి రంగు తగలనివ్వకండి, ఎండలో అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. రంగు వద్దనుకుంటే అవిసె నూనె పూయొచ్చు, కానీ అది ఆరడానికి చాలా రోజులు పడుతుంది. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి పడేయకండి, వాటికవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరబయట పరిచి ఆరబెట్టి అప్పుడు పారేయండి. రంగైనా నూనైనా, ముక్కు పెట్టి చూస్తే చెక్క వాసన తప్ప ఇంకేదీ రాకుండా పోయే దాకా ఈగల్ని పెట్టొద్దు. నేను రెండు వారాలు నీడలో గాలికి వదిలేస్తాను.

రంగు డబ్బా తెరిచే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. దాన్ని చివరికి ఆపింది, అన్నిటికంటే అదే బాగా గుర్తుండాలని. రెండు పెట్టెలు తయారయ్యాక కింది పెట్టెలో మధ్యన ఒక ఫ్రేము పెట్టండి. దాని పై బద్దె మీద మెత్తటి బంకమట్టి ముద్దలు మూడు, రెండు చివర్లా ఒక్కొక్కటి, నడుమ ఒకటి, బొటనవేలంత పెట్టండి. పై పెట్టెని మెల్లగా దాని మీద దించి, అదే వరుసలో ఫ్రేము వేసి, చెవులు గాడిలో పూర్తిగా కూర్చునేలా నొక్కండి. తర్వాత పై పెట్టెని తిన్నగా లేపి, నలిగిన ముద్దల మందం కొలవండి. రెండు పెట్టెల మధ్య చీకట్లో ఎంత ఖాళీ ఉందో ఆ మట్టి చెప్తుంది. మూడు చోట్లా 9కి అటూ ఇటూగా వస్తే రంగు వేసుకోవచ్చు. ఒక చివర 7, ఇంకో చివర 11 వస్తే గాడి ఒక పలకలో లోతుగా, ఇంకో పలకలో పైకి పడిందన్నమాట. లోతైన గాడిలో సన్న బద్దె అతికించి సరిచేయండి. మూడూ 4, 5 వస్తే పై పెట్టె పొట్టిగా ఉంది, అడుగు అంచు చుట్టూ తక్కువైనంత మందం బద్దె జిగురుతో వేయండి. మూడూ 12 దాటితే అడుగు అంచు తగ్గించాలి.

నా మొదటి పెట్టెకి చేసింది ఈ చివరిదే. ఈగల్ని వేరే పెట్టెలోకి మార్చి, కడిగి, ఆరబెట్టి, అడుగు అంచు చుట్టూ 7 మి.మీ. దగ్గర గీత గీసి నాన్న చిత్రికతో పొరలు పొరలుగా తీశాను. ఒక పూట పట్టింది. ఆ పెట్టెలో ఇప్పటికీ ఈగలున్నాయి. పెట్టె తెరిచే పరికరం కొన మూలలో పెట్టి కొంచెం తిప్పితే చాలు, కింది ఫ్రేములు కదలకుండా అది పైకి వచ్చేస్తుంది.